కోసినవాడి ముక్క

మార్చి 3

జడ్జీ గారికి,

ఈ ఉత్తరం చూసి ఫోన్ చెయ్యకు. నీ నంబరు తీసేశాను. ఫోన్లో అయితే నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగంటావు. నాకు కోపం కాస్తా పోయి ఏడుపొస్తుంది. ఏడుస్తున్న మనిషితో ఏం మాట్లాడతాంలే అని నువ్వు పెద్దమనిషిలా పెట్టేస్తావు. కాగితం మీదైతే నాకు అడ్డం రాలేవు. నచ్చినా నచ్చకపోయినా చివరిదాకా చదవాలి.

మా ఊరి ఆసుపత్రి గోడ మీద నోటీసు అంటించారు. డయాలసిస్ విభాగంలో ఒక సీటు ఖాళీ అయిందట. ఎలా ఖాళీ అయిందో నువ్వూ అడక్కు, నేనూ అడగలేదు. అది ఎవరికివ్వాలో తేల్చడానికి నెలనెలా కూర్చునే కమిటీ ఒకటి ఉందట. సభ్యుల పేర్లలో అన్నిటికంటే కింద నీ పేరు, పక్కన ‘బయటి సభ్యుడు, న్యాయ సిద్ధాంతాల అధ్యాపకుడు’ అని ఉంది. నా సొంత తమ్ముడు నెలనెలా మా ఊరొచ్చి పోతున్నాడన్న సంగతి నాకు గోడ చెప్పింది. ఆసుపత్రి గేటు దగ్గర కొన్న టీ చల్లారేలోపు మా ఇంటికి నడిచి రావచ్చు. నువ్వు రాలేదు. సరే, అది తర్వాత తేల్చుకుందాం.

ఇప్పుడు అసలు సంగతి. మీ బావని వారానికి మూడుసార్లు నగరానికి తీసుకెళ్తున్నాను. తెల్లవారకముందే బస్సెక్కితే చీకటి పడ్డాక ఇల్లు చేరతాం. మెషీను మీద ఉండేది నాలుగు గంటలే, మిగతాదంతా రోడ్డు. నాకు బస్సులో కునుకు పడుతుంది. మెలకువ వచ్చి చూస్తే ఆయన అలాగే నిటారుగా కూర్చునుంటారు. ఊళ్లో ఉన్న లిఫ్టులన్నీ బాగుచేసిన మనిషి, ఇప్పుడు మా మేడమెట్లు ఎక్కడానికి మధ్యలో కూలబడుతున్నారు. పని పోయింది. ఈమధ్య ‘ఇవాళ వద్దులే’ అని బస్సే ఎక్కడం లేదు. ఇలా మానేస్తూ పోతే గుండె మీదికొస్తుందని అక్కడి డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పింది.

ఆ సీటు మీ బావకి రావాలి. నువ్వు ఒక్క మాట సాయం చెయ్యాలి. నీకు తెలుసు, ఆయన నోరు తెరిచి అడిగే మనిషి కాదు. ఆయన వంతు నోరు కూడా నేనే తెరుస్తున్నాను. కమిటీ వాళ్లకి కూడా ఇదే మాట చెప్పబోతున్నాను.

నేను మొహమాటం లేకుండా అడిగాను. నువ్వు నీళ్లు నమలకుండా జవాబు రాయి.

నీ అక్క


మార్చి 8

అక్కకి,

కమిటీలో ఉన్నానని ముందే చెబితే ఏమవుతుందో నీ ఉత్తరమే సాక్ష్యం. అందుకే చెప్పలేదు.

నువ్వడిగింది నేను చెయ్యలేను. చెయ్యకూడదు. క్లాసులో మొదటి రోజు పిల్లలకి నేను చెప్పేది ఇదే. ఒక నియమం రాసేటప్పుడు మన ముందు తెర ఉందనుకోవాలి. తెర తీశాక మనం రోగి అవుతామో, డాక్టరు అవుతామో, రోగి భార్య అవుతామో, ఎవరికీ ఏమీకాని మనిషి అవుతామో తెలియదు. తెలియనప్పుడు మనం దేనికి ఒప్పుకుంటామో అదే న్యాయం. తెలిశాక ఒప్పుకునేదానికి వేరే పేర్లున్నాయి.

ఆ ఆసుపత్రికి నియమాలు రాసింది నేనే. పేరు, ఊరు, వృత్తి ఏవీ చదవరు. ఒకమ్మాయి ఇంటింటికీ వెళ్లి రోగితోనో ఇంట్లోవాళ్లతోనో మాట్లాడి వస్తుంది. వాళ్లు చెప్పింది చెప్పినట్టు పెద్ద డాక్టరమ్మ మాకు చదివి వినిపిస్తుంది. ఒక్కో కేసుకి చేతులెత్తుతాం. ఎక్కువ చేతులు లేచినవాళ్లకి సీటు. సమానంగా వస్తే చీటీ. సభ్యుల్లో ఎవరైనా ఒక కేసుని గుర్తుపడితే, నోరెత్తకుండా లేచి బయటికి వెళ్లిపోవాలి. బావ దరఖాస్తు పెట్టుకున్నారని డాక్టరమ్మకి చెప్పాను. పేర్లు ఉండవు కాబట్టి ఉండమంది.

అందుకే ఒక విన్నపం. ‘ఆయన వంతు నోరు కూడా నేనే తెరుస్తున్నాను’ అని నువ్వు అక్కడ చెబితే, అది ఎవరి భార్యో నాకు ఆ క్షణమే తెలుస్తుంది. నేను లేచిపోవాలి, బావకి ఒక చెయ్యి తగ్గుతుంది. కాబట్టి ఆ మాట అనకు. నిజానికి నువ్వేమీ మాట్లాడకపోతే ఇంకా మంచిది. నువ్వు ఎలా మాట్లాడినా నేను పోల్చుకోగలను.

బావ ఆరోగ్యం ఇలా ఉందని తెలిసి బాధగా ఉంది.

తమ్ముడు


మార్చి 12

జడ్జీ గారికి,

‘బాధగా ఉంది’ అన్న మాట కోసం నీ ఉత్తరమంతా వెతుక్కున్నాను. అడుగున, సంతకం మీద, చోటు మిగిలితే రాసినట్టుంది. అన్నేళ్లు నీ సైకిలు గొలుసు వేసిపెట్టిన మనిషికి ఆ ఒక్క వాక్యం చాలనుకున్నావు.

నీ తెర సంగతి చదివాను. నేను బస్టాండు కౌంటర్లో కూర్చుంటాను. నా ముందు కూడా అద్దం ఉంటుంది, చెయ్యి పట్టేంత కంత ఉంటుంది. ఆ కంతలోంచి నాకు మొహాలు కనబడతాయి. ముందొచ్చినవాళ్లకి ముందు టికెట్టు, నాకు తెలిసిన న్యాయం అది. మొన్న ఒకామె చావు కబురొచ్చిందని వరస చివరి నుంచి ముందుకొచ్చింది. నేను నా అంతట నేను ఇవ్వలేదు. వరసలో ఉన్నవాళ్లని అడిగాను, పంపమంటారా అని. అందరూ పక్కకి తప్పుకున్నారు. ఒక్కడు మాత్రం కదల్లేదు. ‘అందరికీ ఏదో ఒక కబురు ఉంటుందండీ’ అన్నాడు. అచ్చం నీలా మాట్లాడాడు. వాణ్ణి అందరూ ఎలా చూశారో నువ్వు చూసుండాల్సింది. మేం మొహాలు చూసే తేల్చుకున్నాం. ఎవరి మొహం మీదా దుప్పటి కప్పలేదు.

చిన్నప్పుడు అమ్మ పెట్టిన నియమం గుర్తుందా? కేకైనా పండైనా, కోసినవాళ్లు ఆఖరున తీసుకోవాలి. తక్కువైన ముక్క తమకే మిగులుతుంది కాబట్టి సమంగా కోస్తారని ఆవిడ తెలివి. ఎవరింట్లోనైనా పిల్లలు ముక్క కోసం కొట్టుకుంటారు. నువ్వు కత్తి కోసం కొట్టుకునేవాడివి. కోస్తూ కోస్తూ ఒక ముక్క కావాలనే సన్నగా కోసేవాడివి. అది నీకు మిగిలాక మా మొహాలు ఒక్కొక్కటే చూసేవాడివి. ‘నా జడ్జీ’ అని అమ్మ నిన్ను దగ్గరికి తీసుకునేది. అమ్మకి తెలియదు, నాకు తెలుసు. ఆ సన్న ముక్క నువ్వు తిన్నంత ఇష్టంగా ఆ ఇంట్లో ఎవరూ ఏదీ తినలేదు.

సరే, నీ మాటే కానీ. ఆ అమ్మాయి మా ఇంటికొచ్చిన రోజు నేను కౌంటరు వదిలి కదల్లేదు. మీ బావ ఒక్కరే మాట్లాడారు. ఏం చెప్పారని అడిగితే ‘అడిగింది చెప్పాను’ అన్నారు. అంటే ఏమీ చెప్పలేదని అర్థం.

బస్సులో మా ముందు సీటావిడ కూడా ఈ సీటుకే పెట్టుకుంది. వాళ్లాయనదీ ఇదే జబ్బు, ఇదే రోడ్డు. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలియక వణికిపోతుంటే నేనే కాస్త సాయం చేశాను. పోటీకొచ్చినావిడకి సాయం చేసి సొంత తమ్ముడితో బుద్ధులు చెప్పించుకుంటున్నాను. నా రాత.

అక్క


మార్చి 19

అక్కకి,

కేకు గురించి నువ్వు ఇన్నేళ్లు దాచుకున్నావంటే, అది నా కంటే నీకే ఎక్కువ రుచించినట్టుంది.

నీ వరస గురించి ఒక్కటడుగుతాను. వరసలో ముందుండేది ఎవరు? ఇల్లు దగ్గరున్నవాడు, సెలవు దొరికినవాడు, తన బదులు నిలబడే మనిషి ఉన్నవాడు. ఆసుపత్రి సీటు వరస ప్రకారం ఇస్తే ఎవరికొస్తుంది? ఆ గోడ పక్క నుంచి రోజూ నడిచేవాళ్లకి. అంటే నీకు. నీ న్యాయం ఎటు తిరిగినా నీ గుమ్మం దగ్గరికే ఎందుకు వచ్చి ఆగుతుంది?

చావు కబురు చెప్పినామెకి అందరూ దారిచ్చారు. బాగానే ఉంది. ఏడవడం చేతకాని మనిషి వస్తే? కబురు కడుపులో పెట్టుకుని, వరస చివర తల వంచుకుని నిలబడే మనిషి వస్తే? బావలాంటి మనిషి వస్తే? ఆయనకి ఎవరు దారిస్తారు? తెర ఉన్నది అలాంటివాళ్ల కోసం. ఈ సంగతి ఆయన భార్యకి నేను చెప్పాల్సి రావడం విచిత్రంగా ఉంది.

ఇంటికి రాలేదన్నావు. వస్తే నువ్వేం అడుగుతావో తెలుసు. బావ ఏమీ అడగరనీ తెలుసు. ఆయన ఎదురుగా కూర్చుని టీ తాగి వెళ్తే ఆ తర్వాత నా చెయ్యి ఎటు లేస్తుందో నాకే నమ్మకం లేదు. నీకది పొగరనిపిస్తే అనుకో.

ఇంకొకటి. ఆ ముందు సీటావిడ సంగతి నాకు రాసి ఉండకూడదు. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల విషయాలు నా చెవిన పడకూడదు. ఆ పేరా చదవలేదనుకుని మర్చిపోతున్నాను.

తమ్ముడు


ఏప్రిల్ 2

తమ్ముడికి,

సీటొచ్చింది.

నిన్న మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి మనిషి వచ్చి చెప్పి వెళ్లాడు. వచ్చే వారం నుంచి ఇక్కడే. మీ బావ పనిముట్ల సంచీ మంచం కింద నుంచి బయటికి లాగి, ఒక్కో స్పానరూ తుడిచి మళ్లీ లోపల పెట్టారు. నేను వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో తనివితీరా ఏడ్చాను.

నీ తెరకి ఎక్కడో చిన్న కంత పెట్టుకున్నావన్నమాట. థాంక్స్ చెప్పాలా? చెప్పను. తమ్ముడు చెయ్యాల్సింది తమ్ముడు చేశాడు. కాకపోతే నన్ను ముందు నాలుగు తిట్టి, స్వార్థపరురాలినని పాఠం చెప్పి చేశాడు. ముందే ‘సరేలే అక్కా’ అనుంటే నీ సొమ్మేం పోయేది? కాదు, నీకు చెయ్యడం కంటే చెయ్యనని చెప్పడమే ఇష్టం.

ఇవాళ నగరానికి ఆఖరిసారి వెళ్లాం. ముందు సీటావిడకి అప్పటికే తెలిసిపోయింది. వెనక్కి తిరిగి ‘మీకొచ్చింది, సంతోషమండీ’ అంది. నిజంగానే అంది. కాసేపాగి ‘నేనేమైనా తప్పు చెప్పానేమో’ అంది. వాళ్లాయన కళ్లు మూసుకుని ఉన్నాడు, వినబడిందో లేదో. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. సీటొచ్చిన మనిషి మొహం ఎక్కడ పెట్టుకోవాలో నీ పాఠాల్లో ఉంటే చెప్పు.

ఇక మీదట మాత్రం నా దగ్గర న్యాయం గురించి ఎత్తకు. నీ చెయ్యి కూడా మా అందరి చేతుల్లాంటిదే. సొంతవాళ్లని చూస్తే లేస్తుంది.

అక్క


ఏప్రిల్ 8

అక్కకి,

నా చెయ్యి లేవలేదు. ఈ ఉత్తరం బావకి వినబడేలా చదవకు. ముందు నువ్వు చదువు.

ఆరోజు డాక్టరమ్మ కేసులు ఒక్కొక్కటే చదువుతోంది. మూడోది రోగి భార్య చెప్పింది. ‘ఆయన నోరు తెరిచి అడిగే మనిషి కాదండీ. ఆయన వంతు నోరు కూడా నేనే తెరుస్తున్నాను.’

నువ్వే అనుకున్నాను. వద్దని రాసినా వినలేదు, నన్ను ఇరికించాలనే అన్నావు అనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. నియమం ప్రకారం నేను లేచి బయటికి వెళ్లాలి. ఆ నియమం రాసింది నేనే. లేవలేదు. లేస్తే అది నా వాళ్ల కేసని అందరికీ తెలిసిపోతుంది, నా మొహం చూసి చేతులెత్తుతారు అని నాకు నేను చెప్పుకున్నాను. అది వట్టి సాకు. కూర్చుని, విని, సొంత బావకి చెయ్యెత్తని మనిషిని నేను అనుకుంటే నాకు చాలా గొప్పగా అనిపించింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను. ఆ ముందు సీటావిడ గురించి నువ్వు రాసిన పేరా గుర్తొచ్చి ఉంటే ఒక్క క్షణం ఆగేవాణ్ణేమో. మర్చిపోతానన్నాను కదా, నిజంగానే మర్చిపోయాను.

అన్నిటికంటే చివరి కేసులో రోగే మాట్లాడాడు. అది ఇక్కడ రాస్తున్నాను, అది నీకు చేరాల్సిన మాట.

‘నా సంగతి పక్కన పెట్టండి. బస్సులో నా భార్య నా భుజం మీద నిద్రపోతుంది. భుజం నొప్పని చెబితే లేచి కూర్చుంటుంది, అందుకని చెప్పను. ఆమెకి వేరే నిద్ర లేదు. ఆమె ఇంట్లో మంచం మీద పడుకోవాలి. దానికోసం అడుగుతున్నాను. నేను ఇంతకుముందు ఎవర్నీ ఏమీ అడగలేదు.’

నేను చెయ్యెత్తాను. బావ కేసు అయిపోయిందనుకుంటున్నాను కదా, ఇది ఆయనేమో అన్న అనుమానం కూడా రాలేదు. అన్నేళ్లలో ఆయన నాతో అంతసేపు మాట్లాడింది లేదు.

ఆ రెండు కేసులకీ తేడా ఒక్క చెయ్యి. నాదే. మూడో కేసుకి కూడా ఎత్తి ఉంటే ఇద్దరికీ సమానమయ్యేది, చీటీ వేసేవాళ్లు. సీటు బావకొచ్చిందని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. ఆ మాట నీది కాకపోతే మరి ఎవరిది? అచ్చం నీలా మాట్లాడే ఇంకొక మనిషి భర్తకి నేను చెయ్యెత్తలేదు. అతను నాకేం చేశాడు?

ఇప్పుడు నేను వెళ్లి చెబితే ఆ ఫలితం కొట్టేస్తారు. బావ సీటు పోవచ్చు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు అక్కా.

తమ్ముడు


ఏప్రిల్ 14

నీకు,

మొదట రాసిన జవాబు ‘నోరు మూసుకో’ అని. చించేశాను. రెండోది కూడా అదే, ఇంకాస్త పెద్ద అక్షరాలతో. అదీ చించేశాను. ఇది మూడోది.

ఆ మాట నాదే. ముందు సీటావిడకి నేనే ఇచ్చాను. నన్ను ఆ మాట అనొద్దన్నావు కదా, వృథాగా పోవడమెందుకని ఆవిడకి ఇచ్చాను. ‘ఇలా చెప్పండి, ఎంతటివాళ్లకైనా మనసు కరుగుతుంది’ అన్నాను. బస్సు దిగేలోపు రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను కూడా. ఆవిడ తప్పేమైనా చెప్పిందా అని అడిగింది చూడు, ఒక్క అక్షరం తప్పు పోలేదు.

పోయిన వారం వాళ్లాయన బస్సులోనే పడిపోయాడు. నగరంలో మంచం మీద ఉన్నాడు. ప్రాణం దక్కిందట. కౌంటరు దగ్గరికి వచ్చి ఆవిడే చెప్పింది. టికెట్టుకి చిల్లర అందుకుంటూ చెప్పింది. నేను అద్దం ఇవతల కూర్చుని, కంతలోంచి ఆవిడ చెయ్యి మాత్రమే చూస్తూ విన్నాను. మొహం చూడలేకపోయాను. నీ తెర ఎందుకు పనికొస్తుందో ఆరోజు అర్థమైంది. ఎదుటివాళ్లకి చేసింది చూడకుండా ఉండటానికి.

చిన్నప్పుడు నువ్వు కోసిన సన్న ముక్క కనీసం నువ్వే తినేవాడివి. ఈసారి ముక్క సన్నగా కోసి ముక్కూమొహం తెలియని వాళ్ల కంచంలో వేశావు. వేసి, మళ్లీ మా మొహాలు చూస్తున్నావు.

పైగా ఏం చెయ్యమంటావని నన్నడుగుతావా? చెప్పు అంటే నా మొగుణ్ణి నేనే రోడ్డు మీదికి తోసినదాన్నవుతాను. చెప్పకు అంటే ఆవిడ మొగుణ్ణి తోసినదాన్నవుతాను. నువ్వు మాత్రం అక్క చెప్పినట్టు చేసిన తమ్ముడివి. చేతులు దులుపుకోవడంలో నిన్ను మించినవాళ్లు లేరు.

మీ బావకి వినబడకుండా చదవమన్నావు. నేను ఆయన ఎదురుగానే కూర్చుని చదివాను. భుజం మాట దగ్గర కాగితం ఒళ్లో పెట్టేశాను. ఆయన తలుపు వైపు చూస్తూ ఉండిపోయారు. ‘మిగతాది కూడా చదువు’ అన్నారు. చదివాను. అయ్యాక లేచి బూట్లు వేసుకున్నారు. ఎక్కడికని నేను అడగలేదు, ఆపలేదు. ఆపాలని ఎంత అనిపించిందో నీకు చెప్పను. చెబితే అది కూడా నీ పుస్తకాల్లోకి ఎక్కిస్తావు.

అక్క


ఏప్రిల్ 17

అక్కకి,

నీ ఉత్తరం అందగానే బయల్దేరి ఆసుపత్రికి వచ్చాను. జరిగిందంతా డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ మొత్తం విని ‘మీ బావగారు వచ్చి చెప్పి వెళ్లారండీ’ అంది. ఏం చెప్పారని అడిగాను. ‘మా సీటు సరిగ్గా రాలేదు, మళ్లీ చూడండి అన్నారు. మీ గురించి చెడ్డగా ఒక్క మాట అనలేదు’ అంది.

అంతకంటే ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నన్ను కమిటీ నుంచి తీసేశారు. బావకి నేనెత్తిన చెయ్యి లెక్కలోంచి కొట్టేసి ఇద్దరికీ సమానమన్నారు. సోమవారం రెండు కుటుంబాల ముందు చీటీ తీస్తారు. నేను ఆ గదిలోకి రాకూడదు. నా నియమమే.

తర్వాత మీ వీధి చివరిదాకా నడిచాను. బావ మెట్ల మధ్యలో కూర్చుని ఆయాసపడుతూ కనిపించారు. పలకరించడానికి ధైర్యం చాలక వెనక్కి వెళ్లిపోయాను. ఇది కూడా నీకు తెలియాలని రాస్తున్నాను. క్షమించమని అడగడం లేదు.

తమ్ముడు


ఏప్రిల్ 25

తమ్ముడికి,

చీటీ వాళ్లకొచ్చింది.

నర్సు ఒక స్టీలు గిన్నెలో రెండు కాగితాలు మడిచి వేసింది. ముందు సీటావిడ నా పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడకి అంతా చెప్పేశారు, ఆ మాట నాదన్న సంగతితో సహా. అయినా పట్టుకుంది. వాళ్లాయన పేరు చదివాక కూడా వదల్లేదు, నా వైపు చూడనూ లేదు. నేను ‘మంచిదండీ’ అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు.

అంతా సవ్యంగా జరిగింది. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. తప్పు పట్టడానికి వెతికినా ఒక్క చోటు దొరకలేదు. నాకు మాత్రం కడుపు రగిలిపోతోంది. ఆవిణ్ణి చూస్తే రగులుతోంది, గిన్నెని తల్చుకుంటే రగులుతోంది, నిన్ను తల్చుకుంటే సరే సరి. న్యాయం జరిగితే మనసు తేలికపడుతుందని నీ పాఠాల్లో ఎక్కడైనా రాసి ఉంటే కొట్టెయ్.

ఇంటికొచ్చాక మీ బావ ‘మళ్లీ ఎప్పుడైనా సీటు ఖాళీ అయితే చూద్దాంలే’ అన్నారు. అనేశాక ఆ మాటకి అర్థమేమిటో ఆయనకీ తట్టింది, నాకూ తట్టింది. ఇద్దరం అన్నం తినేసి పడుకున్నాం.

నిన్న మళ్లీ అదే బస్సు. ముందు సీట్లో ఎవరో కుర్రాళ్లు కూర్చున్నారు. నేను నిద్రపోకుండా కూర్చున్నాను. ఆయన భుజం మీద తల పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఆయనకి అర్థమైంది. రెండు ఊళ్లు దాటేదాకా చూసి, ‘పడుకో, నొప్పేం లేదు’ అన్నారు. ఆయనకి అబద్ధం చెప్పడం కూడా చేతకాదు. నువ్వు ఆ వాక్యం నాకు రాసిపంపి, నాకున్న ఆ కాస్త నిద్ర కూడా లేకుండా చేశావు.

కాబట్టి ఇక నీ వంతు. సోమవారం సాయంత్రానికి ఇక్కడుండు. మంగళవారం బస్సులో మీ బావ పక్కన నువ్వు కూర్చుంటావు. వచ్చే మంగళవారం కూడా, ఆ పై వారం కూడా, నేను చాలనేదాకా. కాలేజీకి ఏం చెప్పుకుంటావో నాకనవసరం. టికెట్లు కొట్టి ఉంచాను. నేను నిన్ను క్షమించాననుకుని మొహం వెలిగించుకుని రాకు. క్షమించలేదు. నీ నంబరు ఇంకా తీసేసే ఉంది. నిన్ను చూస్తే ఏమంటానో నాకే తెలియదు కాబట్టి వచ్చాక ముందు గదిలోనే పడుకో, నాతో మాట్లాడకు.

ఆయనకి దారిలో సిద్ధాంతాలేవీ చెప్పకు. వెళ్లేటప్పుడు మాట్లాడరు. వచ్చేటప్పుడు బాగా నీరసపడిపోతారు, ఈమధ్య కూర్చునే నిద్రపోతున్నారు. తల నీ భుజం మీదికి వాలుతుంది. కదలకు. నొప్పి పుడితే చెప్పకు. ఆ సమయానికి నేను ఇంట్లో మంచం మీద నిద్రపోతూ ఉంటాను.

నీ అక్క